"టైటిల్ మిస్సింగ్, బాండ్ తీసుకుంటే చాలు బ్రో" అట!

పొద్దున్నే గ్రూపులో ఒక యాడ్. 2014 కరోలా, లక్షా పదివేల మైళ్లు, కొత్త టైర్లు, ధర 3,800. అన్నిటికన్నా కింద, చూసీ చూడనట్టు ఒక ముక్క: "టైటిల్ మిస్సింగ్. బాండెడ్ టైటిల్ ఈజీ బ్రో, జస్ట్ వంద డాలర్లు." పక్కన పళ్లికిలించే బొమ్మ. అరగంటలో పదకొండు మంది దిగిపోయారు. "ఇంటరెస్టెడ్", "లొకేషన్?", "లాస్ట్ ప్రైస్ ఎంత అన్నా?" టైటిల్ అంటే బండి ఎవరిదో చెప్పే సర్కారు కాగితం, అది ఎవరి పేరు మీదుందని ఒక్కరూ అడగలేదు. ఊళ్లో సీ బుక్కు చేతిలో పెట్టందే సెకండ్‌హ్యాండ్ టీవీఎస్ కూడా కొనని జాతి మనది. డాలస్ వచ్చేసరికి ఏమైందో తెలీదు, నేరుగా లొకేషనే.

అసలు ఆ వంద డాలర్లు దేనికి కడుతున్నారో తెలుసా? టైటిల్ లేని బండికి హామీపత్రం (బాండు) కొని, దాని మీద తీసుకునే టైటిలే బాండెడ్ టైటిల్. ఆ బాండేం ఇన్సూరెన్స్ కాదు. బాండు కొనేది మీరు, అది కాపాడేది మీకంటే ముందున్న ఓనర్ని, ఆ బండి మీద అప్పిచ్చిన బ్యాంకుని. రేపెవరో వచ్చి "ఈ బండి నాది" అని రుజువు చేసుకుంటే, మీకు బాండు అమ్మిన ష్యూరిటీ కంపెనీ వాళ్లకి డబ్బిచ్చేస్తుంది. ఆ తర్వాత అదే డబ్బు మీ దగ్గర ముక్కుపిండి వసూలు చేసుకుంటుంది. మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట రాసే ఉంటుంది. బావమరిది అప్పుకి ఊళ్లో హామీ సంతకం పెడతారు చూడండి, అదే ఇది. కాకపోతే ఇక్కడ సంతకం పెట్టేది కంపెనీ, బావమరిది మీరు. అదీ మూడేళ్లపాటు.

ఇక "జస్ట్ వంద" లెక్క చూద్దాం. టెక్సాస్‌లో బాండు బండి విలువకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. విలువంటే మీరు బేరమాడి తగ్గించిన ధర కాదు. డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే శాఖ) వెబ్‌సైట్లో వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) కొడితే వచ్చే స్టాండర్డ్ ప్రిజంప్టివ్ వాల్యూ, అంటే వాళ్లు లెక్కగట్టిన ధర. ఉదాహరణకి అది 5,200 అనుకోండి, బాండు 7,800. పాతికేళ్లు దాటిన బండి అయితే ఇంకా తమాషా. అప్రైజల్లో వెయ్యే అని తేలినా 4,000 కిందే లెక్క కడతారు, అంటే బాండు 6,000. సరే, చిన్న బాండ్లకి ప్రీమియం వంద చుట్టుపక్కలే ఉంటుంది, అంతవరకు యాడ్‌లో ఉన్నది అబద్ధం కాదు. దానికి ముందు డీఎంవీ వాళ్ల రీజినల్ సర్వీస్ సెంటర్లో 15 డాలర్లు. తర్వాత కౌంటీలో టైటిల్ ఫీజు, డాలస్ వైపు 33. ఆపైన 6.25 శాతం సేల్స్ ట్యాక్స్. "నేను రెండువేలకే కొన్నా" అంటే కుదరదు, కొన్న ధరా, ఆ వాల్యూలో 80 శాతమా, ఏది ఎక్కువైతే దాని మీద. మన ఉదాహరణలో 4,160 మీద 260. మొత్తం 408, రిజిస్ట్రేషన్ కాకుండా. ట్యాక్సూ టైటిల్ ఫీజూ ఎలాగూ కట్టాల్సినవే కదా అంటారు, ఒప్పుకుంటా. కానీ కొన్నాక 30 రోజులు దాటితే పెనాల్టీ పడుతుంది. ఈ బాండు తతంగం మొదలుపెట్టినవాళ్లలో 30 రోజుల్లో బయటపడేవాళ్లు ఎంతమంది చెప్పండి?

తతంగం అని ఊరికే అనట్లేదు. మొదట వీటీఆర్-130-ఎస్‌ఓఎఫ్ ఫారం. టైటిల్ ఎందుకు లేదో, బండి మీ చేతికి ఎలా వచ్చిందో అందులో మీరే రాసి సంతకం పెట్టాలి. దానికి 130-యు (టైటిల్ దరఖాస్తు), ఫోటో ఐడీ, కొన్నట్టు ఏదో ఒక ఆధారం (బిల్ ఆఫ్ సేల్, క్యాష్ అయిన చెక్కు లాంటివి) జత చేయాలి. "జెల్‌లో (ఫోన్లో డబ్బు పంపే పద్ధతి) పంపేశా, కాగితమేం లేదు" అనేవాళ్లకి నా ప్రగాఢ సానుభూతి. టెక్సాస్ రికార్డుల్లో అసలు కనపడని బండి అయితే పోలీసు అధికారి వీఐఎన్ చూసి వీటీఆర్-68-ఎ మీద సంతకం పెట్టాలి. అన్నీ సరిపోతే సెంటరు వాళ్లు ఒక నోటీసు ఇస్తారు, బాండు ఎంతకి తీసుకోవాలో అందులో ఉంటుంది. బాండు కొనాల్సింది అప్పుడు. కానీ మనవాళ్లు తెలివి చూపిస్తారుగా! ముందే ఆన్‌లైన్లో విలువ తామే గుణించుకుని బాండు కొనేసి సెంటరుకి వెళ్తారు. నోటీసులో వేరే అంకె వస్తుంది. ఆ బాండు చెల్లదు, కట్టిన డబ్బులు ఆ కంపెనీ దయ.

నోటీసు వచ్చాక బాండు కొనడానికి ఏడాది గడువు. బాండు జారీ అయ్యాక మాత్రం 30 రోజుల్లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లాలి. ఈ రెండు గడువుల్నీ కలిపేసి "ఏడాది టైముంది లే" అని బాండుని సొరుగులో పడేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకో దండం.

కౌంటరు దగ్గర ఇంకో ఘట్టం. ఒరిజినల్ బాండు కావాలి, ఫోన్లో పీడీఎఫ్ చూపిస్తే నడవదు. ష్యూరిటీ తరఫున సంతకం పెట్టినవాళ్ల పవర్ ఆఫ్ అటార్నీ దాని వెనకే కుట్టి ఉండాలి. మీ సంతకం కూడా ఉండాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. వీఐఎన్ 17 అక్షరాలు. అందులో ఐ, ఓ, క్యూ ఉండవు, ఒకటీ సున్నాలతో గందరగోళమని అసలు వాడరు. అయినా మనవాళ్లు సున్నా ఉన్నచోట ఓ కొడతారు. ఎస్‌కీ 5కీ, బీకీ 8కీ తేడా చూడరు. అద్దం ముందు డ్యాష్‌బోర్డు మూల డ్రైవర్ వైపు చిన్న రేకు ఉంటుంది, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదవండి. తర్వాత డ్రైవర్ డోరు తెరిచి పక్కనున్న స్టిక్కరుతో సరిచూడండి. పాత ఇన్సూరెన్స్ కార్డు మీద నుంచి ఎక్కించుకుంటే దాన్లో ఉన్న తప్పు కూడా ఎక్కుతుంది.

ఇంత చేసినా కొన్నిటికి బాండు పనికిరాదు. బండి మీద పదేళ్లలోపు లీన్ (అప్పిచ్చినవాళ్ల హక్కు) రికార్డులో ఉంటే బ్యాంకు నుంచి రిలీజ్ తెచ్చుకోవాల్సిందే. జంక్ చేసిన బండికి రాదు. ఎవరో మీ అపార్ట్‌మెంట్ ముందు వదిలేసి పోయిన బండికి అసలే రాదు. దొంగ బండి సంగతి వేరే చెప్పాలా? ఎన్ఐసీబీ (దొంగ బండ్ల ఆరా తీసే ఇన్సూరెన్స్ కంపెనీల సంస్థ) వాళ్ల వీఐఎన్ చెక్ ఉచితం, రెండు నిమిషాల పని. పదకొండు మందిలో ఒక్కరైనా కొట్టి చూశారా?

అసలు నా మంట కొనేవాళ్ల మీద కాదు. అమ్మేవాళ్ల మీద. ఆ యాడ్ పెట్టిన మహానుభావుడి పేరు మీదే టైటిల్ ఉంటే, డూప్లికేట్ కాపీకి ఎంతవుతుందో తెలుసా? వీటీఆర్-34 నింపి, ఐడీ చూపించి, రీజినల్ సెంటర్లో 5 డాలర్ల 45 సెంట్లు. పోస్టులో పంపితే రెండంటే రెండు డాలర్లు. సందులోని చాయ్ కొట్టులో కూడా ఆ రెండు డాలర్లకి సమోసా రావట్లేదిప్పుడు. ఆ రెండు డాలర్ల పని చేయకుండా కొనేవాడి నెత్తిన మూడేళ్ల బాండు రుద్దుతున్నాడంటే అర్థం ఒకటే, టైటిల్ ఆయన పేరు మీద లేదు. ఎవరి దగ్గరో కొన్నాడు, ట్యాక్సు ఎందుకులే అని తన పేరుకి మార్చుకోలేదు. టైటిల్ జంపింగ్ అంటారు దాన్ని, నేరం. "హెల్ప్ చేద్దామని పెట్టా బ్రో" అంటాడు పైగా!

ఇలాంటి బండ్లు ఎక్కడినుంచి పుడతాయో కూడా చెప్తా. ఇండియాకి వెళ్లిపోతున్నాం అంటూ పెట్టెలు సర్దుతూ, కారు తాళం రూమ్మేట్ చేతిలో పెట్టి "నువ్వు అమ్మేసెయ్ రా" అని విమానం ఎక్కేవాళ్లు. లోన్ తీరిపోయాక టైటిల్ పోస్టులో వెళ్లింది, మూడు అపార్ట్‌మెంట్ల కిందటి అడ్రస్‌కి. అడ్రస్ మార్చుకోవాలన్న ధ్యాస ఎవరికి? ఆ రూమ్మేట్‌కి ఒక్క వీటీఆర్-271 పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టిస్తే అయిపోయేది. ఇప్పటికైనా ఆ సంతకం పెట్టి ఐడీ కాపీతో కొరియర్ చేయొచ్చు, చేయరు. టైటిల్ మీద మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్లుంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, ఇంకో చిక్కు. అమ్మినట్టు వీటీఆర్-346 ఫారంతో డీఎంవీకి తెలియజేయకుండా వెళ్లిపోయారంటే, ఎవడో టోల్‌రోడ్డు మీద తిరిగిన బిల్లులన్నీ పాత ఓనరు పేరు మీదే. అప్పుడు కూకట్‌పల్లి నుంచి "ఎలా ఆపాలి" అని ఇదే గ్రూపులో మెసేజీ.

పేర్ల సంగతి ఎత్తకుండా ఉందామనుకున్నా, ఉండలేకపోతున్నా. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఇచ్చిన పేరు (గివెన్ నేమ్) గడిలో పడింది, ఇంటిపేరు గడి ఖాళీ. వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వచ్చింది. లైసెన్సు మీద కూడా ఎఫ్ఎన్‌యూ. బండి కొన్న రోజు డీలర్ దగ్గర కుర్రాడు "వెంకట నాగ సత్య సాయి" వినేసరికి నోరెళ్లబెట్టి, ఎంత పడితే అంత కొట్టి వదిలేశాడు. ఇప్పుడు టైటిల్ మీద ఒక పేరు, లైసెన్సు మీద ఒకటి, బాండు కంపెనీ వాడు ఆన్‌లైన్లో మీరు కొట్టింది మూడోది. కౌంటీలో ఆ మూడూ చూసి వెనక్కి పంపేస్తే "వివక్ష" అంటాం. బాండు మీద పేరు లైసెన్సు మీద ఎలా ఉందో అలాగే, ఎఫ్ఎన్‌యూతో సహా ఉండాలి. నచ్చకపోతే పాస్‌పోర్టులో ముందు సరిచేయించుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఇదే మాట, ప్రతి సెమిస్టర్‌కీ కొత్త బ్యాచ్ దిగుతుంది, అదే గడి ఖాళీ. కన్సల్టెన్సీలకి లక్షలు పోసి వస్తారు, ఆ ఒక్క గడి సంగతి వాళ్లెవరూ చెప్పరు.

ఇది టైప్ చేస్తుండగా ఆ యాడ్ ఎడిట్ చేశారు. "టైటిల్ మిస్సింగ్" తీసేసి "టైటిల్ ఇన్ ప్రాసెస్" అని పెట్టారు. ధర 3,500. కింద కొత్త కామెంట్ ఒకటి: "లొకేషన్ అన్నా?"