మహారాజశ్రీ 2216 పద్దు గారి సముఖమునకు

అయ్యా,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా అద్దె ఇళ్లలో క్షేమం. తమరు బడ్జెట్ పుస్తకంలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరెవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రాష్ట్ర బడ్జెట్‌లో ప్రతి ఖర్చుకీ ఒక నాలుగంకెల ఖాతా ఉంటుంది. గృహనిర్మాణం ఖాతా 2216. కట్టడాల మీద పెట్టే పెట్టుబడికి మీ తమ్ముడు 4216, అప్పులివ్వడానికి చిన్న తమ్ముడు 6216. ముఖ్యమంత్రి మారినా, పథకం పేరు మారినా మీ నంబరు మాత్రం మారదు. ఈ రాష్ట్రంలో ఇన్నేళ్లుగా ఒకే చిరునామాలో ఉన్నది బహుశా తమరొక్కరే.

తమరి వైభవం బడ్జెట్ రోజునే చూడాలి. 2024 ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంట్ (కొన్ని నెలల ఖర్చుకు పెట్టే తాత్కాలిక బడ్జెట్) పెట్టినప్పుడు తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు 7,740 కోట్లన్నారు. 2025 మార్చికి అది 12,571 కోట్లయింది. సభలో బల్లలు చరిచారు. నేనూ సంతోషించాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. నియోజకవర్గానికి కనీసం 3,500 చొప్పున మొత్తం నాలుగున్నర లక్షల ఇళ్లు, ఇంటికి 5 లక్షలు అన్నారు కదా, ఫోన్లో గుణించి చూశాను. 22,500 కోట్లు. ఇది జరిగేదే అనిపించింది.

తర్వాత పుస్తకం తెరిచాను. అక్కడే వచ్చింది చిక్కు. ప్రతి పేజీలో నాలుగు గడులు: రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, నిరుటి అంచనా, నిరుటిదే సవరించిన అంచనా, ఈ ఏటి అంచనా. నాలుగో గడిని మంత్రిగారు చదువుతారు, టీవీవాళ్లు చదువుతారు, మేము వాట్సాప్‌లో పంచుకుంటాం. మొదటి గడి వైపు చూసే నాథుడు లేడు. 2023 ఫిబ్రవరిలో ఘనంగా ప్రకటించిన కేటాయింపులో నిజంగా ఎంత ఖర్చయిందో 2025 మార్చి పుస్తకంలో కనిపిస్తుంది. ఈలోగా ఎన్నికలైపోయాయి. మాట ఇచ్చినవారు ప్రతిపక్షంలోకి వెళ్లారు, నిలదీయాల్సినవారు మంత్రులయ్యారు. లెక్క చెప్పాల్సినవాళ్లు వెళ్లిపోయాక గానీ తమరు నోరు విప్పరు. ఎంత మర్యాద!

పోనీ మా ఎమ్మెల్యేని పట్టుకుని ఇంకో నాలుగు కోట్లు వేయిద్దామనుకుంటే అదీ కుదరదట. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం సభ మిమ్మల్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం మాత్రం లేదు. అందుకని ఇళ్లకు డబ్బు చాల్లేదని బాధపడే సభ్యుడు లేచి ఏమంటాడయ్యా అంటే, గృహనిర్మాణం పద్దులో వంద రూపాయలు తగ్గించండి అంటాడు. దాన్ని కోత తీర్మానం అంటారు. ఎక్కువ కావాలని చెప్పడానికి తక్కువ చేయమని అడగాలి. అది కూడా చివరికి వీగిపోతుంది, లేదా ఆయనే వెనక్కి తీసుకుంటాడు. ఆ వంద రూపాయలు ఎవరి జేబులోంచైనా పోయినట్టు నేనైతే వినలేదు.

ఇక నా సంగతి. నేను ఎల్-2ని. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా కూడా లేనివాళ్లు ఎల్-2. ముందు ఎల్-1కి ఇస్తామన్నారు. 2025లో వాళ్లకు పెట్టిన లెక్క ఇది: పునాది ఫొటో యాప్‌లో ఎక్కితే లక్ష, గోడలకు లక్షా పాతిక వేలు, స్లాబుకు లక్షా డెబ్బై అయిదు వేలు, పూర్తయ్యాక మిగిలిన లక్ష. బాగానే ఉంది, వాళ్లూ పేదలే, నాకేం ఏడుపు లేదు. నేను మాత్రం ఏ జాగా ముందు నిలబడి ఫొటో దిగాలి?

హైదరాబాద్ నగరంలో జాగా లేదండీ, అన్నాడు అర్జీ తీసుకున్న అతను, నిజంగానే బాధగా. 2023 ఆగస్టులో కోకాపేట సర్కారు భూమి వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంటే జాగా ఉంది, నా తాహతుకే అది అందదు. అదే ఏడాది జూన్‌లో నగరం బయట కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఒక్కచోటే ప్రారంభించారు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. ఇల్లు చక్కగానే ఉంటుంది. పాచిపనికి బంజారాహిల్స్ రావాల్సిన మనిషికి మాత్రం బస్సే సగం జీవితం.

ఎల్-2కి కూడా అందనివాళ్లు ఇంకొందరున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ఏమంటుందంటే, ఇంటివాళ్లు రానివ్వలేదనో, ఉండటానికి ఇల్లు లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచెయ్యకూడదు. బయట ఉండే ఏర్పాట్లు, కొందరు కలిసి ఉండే గ్రూప్ హోమ్ లాంటివి, ప్రభుత్వమే చూడాలి. మరి ఆ డబ్బు ఎవరివ్వాలి? వైద్యం 2210 గారు, నయమైంది కదా ఇక మాకేం సంబంధం అంటారు. సాంఘిక భద్రత 2235 గారు పింఛను సంగతి చూద్దామంటారు. పట్టణాభివృద్ధి 2217 గారి దగ్గర లక్ష జనాభాకు వంద మందికి చొప్పున నైట్ షెల్టర్ ఉండాలని ఎప్పుడో రాసుకున్న నియమం ఉంది, మనిషికి 50 చదరపు అడుగులు. తమరేమో కుటుంబానికే ఇల్లంటారు, అదీ ఇల్లాలి పేరున. కుటుంబమే వదిలేసిన ఒంటరివాడు ఏ ఇల్లాలిని తేవాలి?

అతనికి గది ఒక్కటే చాలదు. వారానికి రెండుసార్లు వచ్చి, మందు వేసుకున్నావా, కరెంటు బిల్లు కట్టావా అని అడిగే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. తమరికి సిమెంటు తెలుసు, ఇసుక తెలుసు. గది తమరి పుస్తకంలో, జీతం ఇంకొకరి పుస్తకంలో. ఇద్దరూ ఒక సంతకం పెట్టుకునేలోగా ఆ మనిషి మళ్లీ ఫుట్‌పాత్ మీదికో, మళ్లీ వార్డులోకో.

కాబట్టి విన్నపం ఏమనగా, మూడు నెలలకోసారి ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది అన్నది సభలో పెట్టించండి. రెండేళ్లు ఆగే ఓపిక మాకు లేదు. ఎల్-2లకు పుస్తకంలో విడిగా ఒక వరుస, ఆ పలకరించే మనిషి జీతానికి ఇంకో వరుస వేయించండి. మొదటి ఏడాది అందులో సున్నాలే పెట్టినా ఫరవాలేదు. వరుస ఉంటే కనీసం వంద రూపాయలు తగ్గించమనైనా అడిగిస్తాం.

జవాబు రాసేట్టయితే అర్జీలో ఉన్న చిరునామాకు రాయకండి. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు మా ఓనరు. కొత్తది దొరికాక నేనే తెలియజేస్తాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక ఎల్-2