పలాస వ్యాపారికి ఏఐ అమ్మకండి, బ్యాంకు చేత పెట్టించండి

చిన్న వ్యాపారాలను సైబర్ నేరగాళ్ల నుంచి కాపాడాలంటే ఏఐ వాడక తప్పదు. అందులో నాకు రెండో మాట లేదు. అయితే దాన్ని పలాసలో జీడి ఫ్యాక్టరీ యజమాని చేతనో, విజయనగరంలో గోనెసంచుల వ్యాపారి చేతనో నెలకింతని చందా కట్టించి కొనిపించాలనుకోవడం దండగ ఆలోచన. ఆ ఏఐ ఉండాల్సింది బ్యాంకులో, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, ఫోన్ కంపెనీ దగ్గర. ఖర్చు కూడా వాళ్లే పెట్టుకోవాలి.

ఇక్కడి వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసిందే. ఆఫీసులో ఒకటే కంప్యూటర్, అందులో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్. జీఎస్టీ పాస్‌వర్డ్ వారానికోసారి వచ్చే అకౌంటెంట్ దగ్గర. ఆర్డర్లు, బిల్లులు, లారీ నంబర్లు అన్నీ వాట్సాప్‌లోనే. జీడి పిక్కలు కొన్ని ఉద్దానం తోటల నుంచి, కొన్ని ఆఫ్రికా దేశాల నుంచి వస్తాయి. ముఖం చూడని పార్టీలకు లక్షలు వేయడం ఇక్కడ రోజువారీ పని. "మా అకౌంటు మారిందండి, ఈసారి డబ్బు దీనికి వేయండి" అని పాత సప్లయర్ పేరుతో ఒక మెసేజ్ వస్తే చాలు, ఏ వైరస్సూ అక్కర్లేదు. లోడు ఆగిపోతుందన్న టెన్షన్‌లో గుమస్తా పంపేస్తాడు. నాలుగు రోజులకు అసలు పార్టీ ఫోన్ చేసి "డబ్బు పడలేదేంటి?" అంటే గానీ సంగతి బయటపడదు.

మొన్నటిదాకా ఇలాంటి మెసేజ్‌ని దాని తెలుగే పట్టించేది. ‘ప్రియమైన వినియోగదారుడు, మీ ఖాతా నిరోధించబడింది’ అని వస్తే మన కుర్రాళ్లు నవ్వుకుని డిలీట్ చేసేవారు. ఇప్పుడు మోసగాడి చేతిలోనూ ఏఐ ఉంది. శుభ్రమైన తెలుగు రాస్తుంది. కాస్త ఆడియో దొరికితే తెలిసినవాళ్ల గొంతు కూడా దించేస్తుంది. ఇక మనిషి కన్నూ చెవీ సరిపోవు.

మరి యంత్రం దేన్ని పట్టుకోగలదు? లావాదేవీని. పాత యాంటీవైరస్ ప్రధానంగా తెలిసిన వైరస్‌ల జాబితా పెట్టుకుని వెతికేది, ఇలాంటి మోసం దాని కంటికి ఆనదు. ఏఐ పద్ధతి వేరు. ఈ ఫ్యాక్టరీ ఎవరెవరికి, నెలలో ఏ రోజుల్లో, ఎంతెంత వేస్తుందో ముందు నేర్చుకుంటుంది. మూడేళ్లుగా ఒకే అకౌంటు వాడుతున్న పార్టీ పేరు మీద హఠాత్తుగా వేరే రాష్ట్రంలో, పది రోజుల కిందట తెరిచిన అకౌంటు కనిపిస్తే ఆపి అడుగుతుంది. ఒకప్పుడు కొట్టులో ముప్పై ఏళ్లు పనిచేసిన గుమస్తా చేసింది ఇదే.

కానీ ఆ అకౌంటు ఎప్పుడు తెరిచారు, ఒక్క రోజులో అందులోకి ఎందరి డబ్బు వచ్చి ఎంత త్వరగా బయటికి పోతోంది? ఇది వ్యాపారి కంప్యూటర్‌కు తెలిసే దారే లేదు, బ్యాంకుకే తెలుసు. అందుకే వ్యాపారి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ మోసం ఆగదు. టెక్నాలజీ లేదా అంటే ఉంది. దొంగ డబ్బు తిప్పే మ్యూల్ అకౌంట్లను గుర్తించడానికి రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ ‘మ్యూల్‌హంటర్.ఏఐ’ తయారుచేసింది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపేముందు అవతలి అకౌంటుదారు పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1కల్లా బ్యాంకులు ఇవ్వాలని నిబంధన. ఈ రెండూ కలిపి, ‘ఆగండి, ఈ అకౌంటు అనుమానంగా ఉంది’ అని తెలుగులో ఒక్క వాక్యం చూపించడానికి అడ్డమేమిటి?

ముందు పాస్‌వర్డులు మార్చుకోండి, బ్యాకప్ పెట్టుకోండి, పైరేటెడ్ విండోస్ తీసేయండి, ఏఐ సంగతి తర్వాత అనే నిపుణులున్నారు. సలహా తప్పు కాదు. కానీ 2017 మే నెల గుర్తుందా? కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్‌ని ఆపే ప్యాచ్‌ని, అంటే విండోస్‌లో ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. అయినా మన రాష్ట్రంలో శ్రీకాకుళం సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు అది సోకింది. పోలీసు శాఖకే కుదరని జాగ్రత్త పొందూరు ఖద్దరు కొట్టు నుంచి ఆశిస్తామా?

నిబంధనలకు మాత్రం ఈ మొహమాటం లేదు. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలని, సిస్టమ్ లాగ్‌లు (కంప్యూటర్‌లో ఎప్పుడేం జరిగిందో చెప్పే రికార్డులు) 180 రోజులు ఉంచాలని కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. చిన్న సంస్థలకు ఇచ్చిన వెసులుబాటల్లా అమలుకు కొన్నాళ్ల అదనపు గడువు. లాగ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పని మనిషి మీద ఈ బరువు పెట్టారు.

ఇక అసలు మంట ఇక్కడుంది. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. సంతోషమే. ఉత్తరాంధ్రకు ఏది వచ్చినా వరస మాత్రం ఒకటే: భూమి మనది, కరెంటు మనది, పేరు విశాఖది, బతుకుతెరువుకు శ్రీకాకుళం కుర్రాడు మాత్రం హైదరాబాద్ బస్సెక్కాలి. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీ ఉంది. అక్కడ చదివిన పిల్లలు బెంగళూరులో కూర్చుని అమెరికా కంపెనీల నెట్‌వర్కులకు కాపలా కాస్తారు. పక్క వీధి కిరాణా కొట్టుకు కాపలా కాసే ఉద్యోగం ఈ రెండు జిల్లాల్లో ఎవరూ సృష్టించలేదు. గూగుల్‌కు రాయితీలిచ్చే ప్రభుత్వం వాటికి బదులుగా ఇదే ఎందుకు అడగదు? తెలుగులో వచ్చే మోసపు మెసేజ్‌లను, గొంతులను పట్టే ఏఐ తయారీకి ఈ రెండు క్యాంపస్‌లలో ల్యాబ్‌లు పెట్టమని, అది చిన్న వ్యాపారులకు ఉచితంగా ఇవ్వమని ఒప్పందంలో నాలుగు లైన్లు రాయించలేరా?

అది రాయించేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి జిల్లా బ్యాంకర్ల సమావేశం ఉంటుంది. పంట రుణాలు, ముద్ర రుణాల లెక్కలు చదివి టీ తాగి వెళ్లిపోయే ఆ సమావేశానికి జీడి వ్యాపారులు, వర్తక సంఘాలు రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు పంపాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు వెళ్లిన కేసుల్లో డబ్బు చేరిన అకౌంట్లు ఏ బ్రాంచిలో తెరిచారు? అవి అనుమానాస్పదమని బ్యాంకు సాఫ్ట్‌వేర్ ముందే గుర్తించిందా? గుర్తించి ఉంటే, డబ్బు పంపుతున్నవాడికి ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?