డిబ్బుక్ పెట్టెలో ఉండదు

"డిబ్బుక్ అంటే యూదుల పురాతన రాక్షసుడు. వేల ఏళ్ల కిందట దాన్ని చెక్కపెట్టెలో బంధించారు. తెరిస్తే చావే." వాట్సాప్‌లో, వీడియోల్లో తిరిగే మాట ఇది. మలయాళంలో 'ఎజ్రా' (2017), హిందీలో దాని రీమేక్ 'డిబ్బుక్' (2021) చూసినవాళ్లకు ఇది నిజమేననిపిస్తుంది. ఇందులో ఒక్క ముక్క కూడా పూర్తిగా నిలవదు.

ముందు పెట్టె సంగతి. 2003లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కెవిన్ మానిస్ అనే అతను వైన్ సీసాలు పెట్టుకునే పాత చెక్క బీరువాను ఈబేలో అమ్మకానికి పెట్టాడు. నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డ ఒక ముసలావిడదనీ, అందులో డిబ్బుక్ ఉందనీ రాశాడు. ఆ కథంతా తానే అల్లానని 2021లో అతనే ఒప్పుకున్నాడు. లక్షల మంది ప్రాణాలు పోయిన చరిత్రను బేరం కోసం వాడుకోవడం చాలా నీచం.

ఇక రాక్షసుడు. యూదుల్లో ఆ జాతికి 'షేద్' అని వేరే పేరుంది. డిబ్బుక్ చనిపోయిన మనిషి ఆత్మ. పాపభారంతో ఎక్కడా చోటు దొరక్క బతికున్నవాళ్ల ఒంట్లో దూరుతుంది. హీబ్రూలో 'అతుక్కోవడం' అనే ధాతువు నుంచి వచ్చిన పేరది. దయ్యం 'పట్టింది' అంటామే, ఆ పట్టడమే.

వేల ఏళ్ల మాట సగమే నిజం. దుష్టాత్మలు పట్టడం, వదిలించడం ఒకటో శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్ రాతల్లోనే ఉంది. కానీ చనిపోయినవాడి ఆత్మే వచ్చి పడుతుందన్న నమ్మకం బలపడింది 16వ శతాబ్దంలో, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని సఫేద్ పట్టణంలో, పునర్జన్మను బోధించిన యూదు మతగురువు ఐజాక్ లూరియా, ఆయన శిష్యుడు హయీమ్ వీటాల్ చుట్టూ. డిబ్బుక్ అన్న పేరు జర్మనీ, పోలండ్ యూదుల వాడుకలోంచి పుస్తకాల్లోకెక్కింది 17వ శతాబ్దంలో.

బంధించడమన్నదే అసలు తిరగేసిన మాట. వదిలించే తంతులో రబ్బీ, అంటే యూదుల మతగురువు, పదిమందిని కూర్చోబెట్టి, ఆత్మను పేరు అడుగుతాడు, ఏ పాపం చేశావని అడుగుతాడు, పొట్టేలు కొమ్ము ఊదిస్తాడు. వెలివేస్తానని బెదిరిస్తాడు, దాని సద్గతి కోసం ప్రార్థన కూడా చేస్తాడు. ఒంట్లో ఇంకెక్కడా దెబ్బ తగలకుండా కాలి చిటికెన వేలి గుండా వెళ్లిపొమ్మంటాడు. పాత కథల్లో పదే పదే కనిపించేది ఇదే.

ఉక్రెయిన్ పల్లెల్లో ఇలాంటి కథలు సేకరించిన యూదు రచయిత అన్‌స్కీ రాసిన 'ది డిబ్బుక్' నాటకం 1920లో వార్సాలో తొలిసారి ఆడింది. పెళ్లినాడు లేయాను పట్టేది ఆమెను ప్రేమించి చనిపోయిన ఖానన్. వాళ్లిద్దరికీ పెళ్లి చేద్దామని పుట్టకముందే తండ్రులు మాటిచ్చుకున్నారు. లేయా తండ్రి సెండర్ డబ్బున్న సంబంధం కోసం ఆ మాట తప్పాడు. అందుకే ఖానన్ తండ్రి ఆత్మను కూడా రబ్బీ తెర వెనక్కి పిలిపించి పంచాయితీ పెడతాడు. ఆస్తిలో సగం పేదలకు పంచాలనీ, ఏటేటా ఆ తండ్రీకొడుకుల పేర ప్రార్థన చేయాలనీ తీర్పు సెండర్‌కే పడుతుంది.