బయొనెట్ లగ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బయొనెట్ లగ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి.

రైఫిల్ గొట్టం కింద, ముందు సైట్ దిమ్మెకు అతుక్కుని ఉండే చిన్న ఉక్కు ముక్క మీరు. బయొనెట్ అంటే గొట్టం కొసకు తగిలించే కత్తి. దాని ముందు రింగు గొట్టం మూతికి తొడుక్కుంటుంది, పిడి వెనక భాగం మిమ్మల్ని కరుచుకుంటుంది. అంతకు మించి మీకు బాధ్యతలు లేవు. తూటా పేల్చరు, వేగం పెంచరు, గురి కుదర్చరు. అయినా అమెరికా కాంగ్రెస్ మిమ్మల్ని పేరుపెట్టి చట్టంలోకి ఎక్కించింది. సెమీ ఆటోమేటిక్ తుపాకుల నిషేధం మీద అక్కడ ఏళ్ళ తరబడి సాగుతున్న రగడలో మీకంటే అమాయకులు ఎవరూ కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాం.

ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే తూటాలు ఆగకుండా వచ్చే రకం తుపాకుల సంగతి 1934, 1986 చట్టాలు ఎప్పుడో చూసుకున్నాయి. తగవంతా నొక్కిన ప్రతిసారీ ఒక్కటి పేలి, తర్వాతి తూటా తనంతట తానే గదిలోకి ఎక్కే రకం మీద. 1994 సెప్టెంబరు 13న క్లింటన్ సంతకంతో వచ్చిన కేంద్ర చట్టం కొన్ని మోడళ్ళను పేర్లతోనే నిషేధించింది. మిగిలిన రైఫిళ్ళకు ఒక లెక్క పెట్టింది: మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) ఊడదీసి మార్చుకునే వీలుండి, అయిదు లక్షణాల్లో రెండు కనిపిస్తే నిషేధం. మడిచే లేదా లోపలికి జరిపే బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఒకటి, పిస్టల్ గ్రిప్ (పిస్టల్ పిడిలాంటి పట్టు) రెండు, ఫ్లాష్ సప్రెసర్ (పేలినప్పటి మెరుపును తగ్గించేది) లేదా దాన్ని బిగించే మరలున్న గొట్టం మూడు, గ్రెనేడ్ లాంచర్ నాలుగు. అయిదోవారు తమరే.

ఈ తగవుకు కేంద్రమైన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఏఆర్-15కి పిస్టల్ గ్రిప్ పుట్టుకతోనే ఉంటుంది. అంటే ఒక మార్కు ముందే పడిపోయింది. రెండోది పడకుండా చూసుకుంటే చాలు. కంపెనీలవాళ్ళు ఏం చేశారో మీకు చెప్పక్కర్లేదు, గ్రైండర్ కింద పడింది మీరే. మిమ్మల్ని అరగదీశారు, గొట్టం మూతిని మరలు లేకుండా నున్నగా వదిలేశారు, జరిగే బట్ తీసి కదలనిది బిగించారు. లోపల బోల్టు అదే, గ్యాస్ గొట్టం అదే, తూటా అదే, వేగం అదే. దానికి ‘పోస్ట్-బ్యాన్’ రైఫిల్ అని పేరుపెట్టి పదేళ్ళపాటు చట్టబద్ధంగా అమ్ముకున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించారన్నమాట, ఆ దుత్త మీరు.

ఇంకో ముచ్చట. ప్రత్యేక నమోదు లేకుండా పౌరులు కొనే రైఫిల్ గొట్టం 16 అంగుళాలకు తగ్గకూడదని కేంద్ర నిబంధన. సైన్యపు ఎం4 గొట్టం 14.5 అంగుళాలు. పొట్టి గ్యాస్ వ్యవస్థ (పేలిన గ్యాస్‌తో తర్వాతి తూటాను ఎక్కించే ఏర్పాటు) ఉన్న 16 అంగుళాల పౌర రైఫిల్లో మీరుండేది ఎం4లో ఉండే చోటే, మూతి మాత్రం ఒకటిన్నర అంగుళం ముందుకు పోతుంది. బయొనెట్ మిమ్మల్ని పట్టుకుంటే రింగు ఫ్లాష్ సప్రెసర్ మీద కూర్చోదు, వెనక సన్నని గొట్టం చుట్టూ గిలకలా ఆడుతుంది. అలాంటి రైఫిళ్ళ మీద బయొనెట్ సరిగా నిలవనే నిలవదు. చేతకాని పనికి శిక్షపడిన ఉద్యోగి తమరు.

అదే చట్టం వెనక ఒక అనుబంధం ఉంది, వందల కొద్దీ తుపాకులకు పేరుపేరునా అభయమిచ్చిన జాబితా. అందులో మడత బట్ లేని రూగర్ మినీ-14 ఉంది. చెక్క బట్‌తో తాతగారి వేట తుపాకీలా కనిపిస్తుంది. పేల్చేది ఏఆర్-15 పేల్చే .223 తూటానే, మ్యాగజైన్ కూడా ఊడి వస్తుంది.

కాలిఫోర్నియా 1999లో రాసుకున్న జాబితాలో మీరు లేరు, సంతోషించాం. కానీ అక్కడ ఒక్క లక్షణమున్నా నిషేధమే. ఊడే మ్యాగజైన్ అంటే పనిముట్టు లేకుండా ఊడేదని నిబంధన రాసి, తూటా కూడా పనిముట్టే అని చేర్చారు. దాంతో మీ చుట్టం బుల్లెట్ బటన్ పుట్టింది. మ్యాగజైన్ మీటను వేలికి అందనంత లోతులో పెట్టి, తూటా కొసతో నొక్కితే ఊడేలా చేశారు. వేలితో ఊడదు గనక అది ఊడే మ్యాగజైన్ కాదు! ఆ ఒక్క బొత్తాంతో గ్రిప్పూ, జరిగే బట్టూ, ఫ్లాష్ సప్రెసరూ అన్నీ తిరిగొచ్చాయి. 2015 డిసెంబరులో అదే రాష్ట్రంలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులకు 14 మంది చనిపోయాక, 2016లో ఆ కన్నం పూడ్చారు. తుపాకీ యంత్రభాగం విప్పితే తప్ప మ్యాగజైన్ రాకూడదన్నారు. అప్పుడు ‘ఫిన్ గ్రిప్’ ముందుకొచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ట్రిగ్గర్ పైఅంచు కంటే కిందికి వచ్చేలా పట్టుకోగలిగితేనే పిస్టల్ గ్రిప్ అని నిబంధన. అందుకని గ్రిప్ వెనక చేపరెక్కలాంటి పలక పెట్టి ఆ చర్మాన్ని పైనే ఆపేశారు. ప్రాణాలు కాపాడే చట్టం చివరికి చేతివేళ్ళ మధ్య చర్మం ఎత్తు కొలిచే దగ్గర తేలింది.

రెండు పక్షాలకూ ఈ ఆట బాగానే కుదిరింది. ఇవన్నీ పైపై సింగారాలేనని తుపాకీ పక్షం కోర్టులో వాదిస్తుంది. అదే బట్, అదే గ్రిప్ షాపు అద్దాల బీరువాలోకి వచ్చేసరికి పట్టు, అదుపు, సౌకర్యం అని ధర పలుకుతాయి. నిషేధ పక్షం తక్కువ తినలేదు. 2007లో బ్యారెల్ ష్రౌడ్ కూడా ఉన్న బిల్లు తెచ్చిన అప్పటి కాంగ్రెస్ సభ్యురాలు కారొలిన్ మెక్‌కార్తీ గారిని టీవీలో ఆ ష్రౌడ్ అంటే ఏమిటని అడిగితే, భుజం దగ్గర పైకి లేచేదేదో అనుకుంటానన్నారు. అది నిజానికి చెయ్యి కాలకుండా గొట్టం చుట్టూ ఉండే తొడుగు.

నవ్వి ఊరుకోలేం. ఆమె భర్త 1993 డిసెంబరులో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్ రైల్లో జరిగిన కాల్పుల్లో హత్యకు గురయ్యారు. ఆరుగురు చనిపోయారు, 19 మంది గాయపడ్డారు. చంపినవాడి చేతిలో ఉన్నది మామూలు 9 ఎంఎం పిస్టల్, 15 తూటాల మ్యాగజైన్లు. రెండు ఖాళీ చేసి మూడోది పెట్టబోతుంటే ప్రయాణికులు మీదపడి పట్టుకున్నారు. 2011లో అరిజోనాలోని టూసాన్ కాల్పుల్లోనూ అంతే: 33 తూటాల మ్యాగజైన్ అయిపోయి, ఇంకోటి ఎక్కించబోతుంటే హంతకుడు దొరికాడు. జనానికి అందిన సందు ఆ మార్చుకునే క్షణమే. ఎన్ని తూటాలకోసారి ఆ క్షణం వస్తుందన్నదే అసలు అంకె, దానికీ మీకూ సంబంధమే లేదు.

1994 చట్టం ఆ అంకెనూ ముట్టుకుంది, పది దాటిన మ్యాగజైన్లు కొత్తగా పౌరులకు తయారు చేయొద్దంది. పాతవి మాత్రం ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రేకు పెట్టె, స్ప్రింగు, తూటాలను పైకి నెట్టే ఫాలోయర్, అడుగు పలక: మ్యాగజైన్ అంటే ఇంతే, దశాబ్దాలు నిలుస్తుంది. న్యాయశాఖ నిధులతో వచ్చిన 2004 నివేదిక కూడా ఆ పాత నిల్వల వైపే వేలు చూపించింది. నిషేధానికి ముందు నేరాల్లో వాడిన తుపాకుల్లో ‘అసాల్ట్’ రకాలు (చట్టం నిషేధించిన సెమీ ఆటోమేటిక్‌లు) 2 నుంచి 8 శాతమైతే, పెద్ద మ్యాగజైన్లున్నవి 14 నుంచి 26 శాతమని అందులో ఉంది. ఆ 2004లోనే సెప్టెంబరు 13న చట్టం గడువు తీరి పోయింది.

2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ మాల్లో ఏఆర్-15 రకం రైఫిల్‌తో ఒకడు ఎనిమిది మందిని చంపాడు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక యువ ఇంజనీరు అందులో ఉన్నారు. ఆ తుపాకీకి తమరున్నారా లేదా అని ఏ తల్లిదండ్రులూ అడగరు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషులు

తా.క.: న్యూయార్క్ 2013 చట్టంలో మీరింకా ఉన్నారు. పైగా ఇప్పుడక్కడ ఒక్క లక్షణం చాలు, మ్యాగజైన్ ఊడే రైఫిల్‌కు మీరొక్కరు వేలాడుతున్నా నేరమే. మేరీలాండ్ జాబితాలో లేరు. ఆ మేరీలాండ్ నిషేధం మీద వచ్చిన కేసును సుప్రీంకోర్టు 2025 జూన్ 2న తీసుకోలేదు గానీ, ఒకటి రెండు టర్ముల్లో ఏఆర్-15 సంగతి తేల్చాల్సి ఉంటుందని జస్టిస్ కవనా రాశారు. సాక్షి సమన్లు మీకూ రావచ్చు, చిరునామా మార్చకండి.