గోడమీది సూపర్‌వైజరు గారు

ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో నేను ఏళ్లుగా ఇడ్లీ తినే హోటల్లో ఈమధ్య కొత్త దేవుడు వెలిశాడు. వెంకటేశ్వరస్వామికీ జగన్నాథుడికీ నడుమ, అద్దాల ఫ్రేములో ఆహార భద్రతా సూపర్‌వైజరు సర్టిఫికెట్. అగరొత్తుల పొగ ముగ్గురికీ సమానంగానే అందుతోంది.

నిబంధన చాలా గొప్పది. దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారు 2017లో ఫోస్టాక్ అనే శిక్షణ మొదలుపెట్టారు. లైసెన్సున్న హోటల్లో ప్రతి 25 మంది పనివాళ్లకు కనీసం ఒకరైనా అది పూర్తి చేసి సూపర్‌వైజరై ఉండాలి, నేర్చుకున్నది మిగతావాళ్లకు నేర్పాలి. ఎన్ని ఈగలకు ఒకరుండాలో మాత్రం రాయడం మరిచారు.

ఈ హోటల్లో పనివాళ్లు ఆరుగురు. రుబ్బేది, వండేది, గిన్నెలు తోమేది వాళ్లే. శిక్షణకు వెళ్లింది ఓనరు బావమరిది. పనున్నవాళ్లకు ఖాళీ ఉండదు, ఖాళీగా ఉన్నది ఆయనొక్కడే మరి. సర్టిఫికెట్ పట్టుకొచ్చి నేరుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. వంటగదిలోకి వెళ్తే చొక్కా మాసిపోతుందని భయం. శుభ్రత మీద ఆమాత్రం పట్టింపు ఉండొద్దూ!

వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపల ఉండాలని ఆయనకు కంఠతా వచ్చు. చట్నీ మాత్రం 1936లో ఒడిశాకూ మద్రాసుకూ మధ్య చీలిన మా జమీందారీలా ఎటూ కాకుండా నడిమధ్యన ఉంటుంది.

ఇక నూనె. మళ్లీ మళ్లీ కాచేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి రూలు. బాణలి వైపు చూపించి అడిగాను. "కొలిచే మిషనే లేదు కదా మాస్టారూ, ఇంక దాటిందని ఎలా అంటాం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సర్టిఫికెట్‌ను రెండేళ్లకోసారి మార్చాలి. నూనెకూ అదే గడువు అనుకున్నట్టున్నారు.

పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం పోయి తిందామా అనుకున్నాను. కానీ 2006 నాటి ఈ ఆహార భద్రతా చట్టం కేంద్రానిది. సరిహద్దు దాటినా అదే ఫ్రేము, కాకపోతే మేకు వేరు.

బిల్లు కట్టాను. సూపర్‌వైజరు గారు వేలు నాలుకకు తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టి, చిల్లర ఇచ్చి, అదే చేత్తో చిటికెడు సోంపు నా అరచేతిలో పోశారు. నోట్లో వేసుకుని, గోడమీది ముగ్గురికీ దణ్ణం పెట్టి బయటపడ్డాను.