గుర్రాలు 350, తోక ఒకటే

ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, కుశలప్రశ్నలు కూడా లేకుండా "బావా, తట్టుకుంటుందంటావా?" అన్నాడు. వాళ్ల మామగారి గుండె సంగతేమో అని కుర్చీలో కూలబడ్డాను. తీరా చూస్తే పడవ. 1998 మోడల్, సెకండ్‌హ్యాండ్. శనివారాలు లూయిస్‌విల్ సరస్సులో తిప్పుతుంటాడు. అందులో 4.3 లీటర్ల వి6 ఇంజిన్, అంటే ఆరు సిలిండర్లది, 190 గుర్రాలు (హార్స్‌పవర్). ఒక భార్యని, ఇద్దరు పిల్లల్ని, ఒక పులిహోర డబ్బాని లాగడానికి ఆ గుర్రాలు బ్రహ్మాండంగా సరిపోతున్నాయి. కానీ పక్కవాడి పడవలో ఎనిమిది సిలిండర్ల వి8 ఉంది. అదీ రోగం. తనూ వి8 పెట్టిస్తే, ఆ శక్తిని ప్రొపెల్లర్‌కి చేర్చే పాత డ్రైవ్ తట్టుకుంటుందా అన్నది వాడి ప్రశ్న.

నాకు పడవ ఎక్కితే కళ్లు తిరుగుతాయి. అందుకే ఈ విషయంలో పక్షపాతం లేకుండా మాట్లాడగలనని నా నమ్మకం.

స్టెర్న్‌డ్రైవ్ పడవలో ఇంజిన్ లోపల, వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. గోడకి అవతల, నీళ్లలోకి వేలాడుతూ ఒక అల్యూమినియం కాలు, దాని చివర ప్రొపెల్లర్. ఆ కాలే డ్రైవ్. 1959లో వోల్వో పెంటా కంపెనీ ఈ అమరికని ఆక్వామాటిక్ అనే పేరుతో న్యూయార్క్ బోట్ షోలో పెట్టినప్పుడు ఇంజిన్ 80 గుర్రాలది. ఇంజిన్ నుంచి అడ్డంగా వచ్చిన శక్తి పైన పళ్లచక్రాల దగ్గర తొంభై డిగ్రీలు తిరిగి కిందికి దిగాలి. అడుగున మళ్లీ తొంభై తిరిగితే గానీ ప్రొపెల్లర్‌కి అందదు. ఎన్ని వందల గుర్రాలైనా ఆ ఇరుకు సందులో రెండు మలుపులూ తిరగాల్సిందే. ఏ క్షణాన చూసినా ఒక్కో మలుపు దగ్గర ఆ బరువంతా మోసేది రెండు మూడు పళ్లు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

మావాడిది మెర్‌క్రూజర్ కంపెనీ వాళ్ల ఆల్ఫా వన్ డ్రైవ్. కాగితం మీద 300 గుర్రాల దాకా మోస్తుంది. కంపెనీయే 260 గుర్రాల 5.7 లీటర్ల వి8ని దీనికి తగిలించి ఏళ్ల తరబడి అమ్మింది. పైగా వీడి వి6 పరాయిదేమీ కాదు, అదే వి8లోంచి రెండు సిలిండర్లు తీసేసిన తమ్ముడు. ఇదంతా చదువుకుని నేను పెద్దమనిషి తరహాలో, "260 అయితే పరవాలేదురా. డ్రైవ్‌లో పైనుండే గేరు మాత్రం వి8కి సరిపోయేది వేయించు, ప్రొపెల్లర్ కూడా చూసుకో. లేకపోతే ఇంజిన్ నిమిషానికి 4800 చుట్లు దాటి తిరుగుతుంది" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. వాడి చెవిలో "పరవాలేదు" ఒక్కటే పడింది. వారం తిరిగేసరికి ఆ 5.7 కాస్తా 383 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ అయింది. బ్లాకు అదే. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, కొంచెం పెంచి, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, పొడిగించారు. 350 గుర్రాలు. "ఎలాగూ పాతది దింపుతున్నాం కదా బావా!" ఈ "ఎలాగూ" ఉందే, గోడలకి సున్నం వేయిద్దామని మొదలుపెట్టిన వాళ్లచేత మేడ కట్టించింది ఇదే.

చట్టం ఆపదా అంటారేమో. అమెరికాలో ఇరవై అడుగుల లోపు పడవలకి కెపాసిటీ ప్లేటు కొట్టాలి. బయట బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్ అయితే ఎన్ని గుర్రాలు మించకూడదో దాని మీద ఉంటుంది. స్టెర్న్‌డ్రైవ్‌కి ఎంతమంది, ఎంత బరువు అని రాస్తే చాలు. గుర్రాల సంగతి యజమాని వివేకానికి వదిలేశారు. మగవాళ్ల వివేకం మీద ఇంత భరోసా పెట్టుకున్న చట్టాన్ని నేనింకెక్కడా చూడలేదు.

ఆ ఇంజిన్ బ్లాకు ఏదో పాత ట్రక్కులోంచి వచ్చింది. దాంతోపాటు ట్రక్కు స్టార్టరు, ఆల్టర్నేటరు కూడా చవకగా వస్తాయన్నాడు. ఇక్కడ ఒక్క నిమిషం వెటకారం పక్కన పెడుతున్నాను. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది. పడవ స్టార్టర్‌లో నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటుంది, కారు స్టార్టర్‌లో ఉండదు. ఇంజిన్ తిప్పే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్, అంటే ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, వెయ్యమనేది కూడా ఈ ఆవిరికి భయపడే. కాబట్టి ఆ చవక వద్దు.

సరే, అసలు ప్రశ్నకి జవాబు సరస్సు ఒడ్డున ఒక ముసలి మెకానిక్ ఇచ్చాడు. "తట్టుకుంటుంది, నువ్వు వేగం పెంచే లివర్ తొయ్యకపోతే." ఆలోచిస్తే ఇందులో ఉపనిషత్తంత ఉంది. గేర్ల ప్రాణం తీసేది ముఖ్యంగా కుదుపు. ఆగి ఉన్న పడవ వెనక తాడు పట్టుకుని ఇద్దరు పిల్లలు, ఇక్కడ లివర్ ఒక్కసారిగా ముందుకి. లేదా అల మీద పడవ ఎగిరి ప్రొపెల్లర్ గాల్లో గింగిర్లు తిరిగి, మళ్లీ నీళ్లలో పడి గోడకి కొట్టుకున్నట్టు ఆగడం. కారు వేగం అందుకున్నాక కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పడవకి జీవితమంతా ఎత్తు ఎక్కడమే.

మరి 300 గుర్రాలు దాటితే మెర్‌క్రూజర్ వాళ్లదే, ఇంతకంటే గట్టిది, బ్రావో డ్రైవ్ ఉంది కదా అన్నాను. ఉంది. కానీ ఆల్ఫాలో నీళ్ల పంపు డ్రైవ్ లోపలే ఉంటుంది, బ్రావోకి ఇంజిన్ మీద ఉండాలి. వెనక గోడ దగ్గర అమరికంతా మారాలి, వేల డాలర్లు. "అంత అనవసరపు ఖర్చు ఎందుకు బావా" అన్నాడు మావాడు. గుర్రాలు కొనడం అవసరం, బండి కొనడం దుబారా.

పోనీ అంతా సవ్యంగా జరిగినా దక్కేదేమిటి? ఇలాంటి పడవల్లో వేగం, గుర్రాల వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 190ని 350 చేస్తే గుర్రాలు ఎనభై నాలుగు శాతం ఎక్కువ, వేగం ముప్ఫై ఆరు శాతమే. గంటకి 42 మైళ్లు పోయేది లెక్క ప్రకారం 57 పోవాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు గనక పెట్రోలు ఖర్చుకి మాత్రం ఏ మూలమూ లేదు. ఆ పదిహేను మైళ్లు చూడాలంటే లివర్ పూర్తిగా తొయ్యాలి. తొయ్యకూడదని కదా షరతు! మా అత్తగారి కాసులపేరు గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్లుగా లాకర్లోనే ఉంది, ఉందన్న ధైర్యంతోనే ఆవిడ పెళ్లిళ్లకి వెళ్తుంది.

పోయిన జులైలో మేం వెళ్లాం. నేను కళ్లు మూసుకునే ఎక్కాను. పిల్లలు "ఫాస్ట్, ఫాస్ట్" అని అరుస్తుంటే మావాడు చంటిబిడ్డని నిద్రపుచ్చుతున్నట్టు లివర్ మీద చెయ్యి వేసి, అంగుళం అంగుళం జరిపాడు. పాతిక మైళ్ల దగ్గర ఆపేశాడు. అంతలో నాలుగు సిలిండర్ల పడవ ఒకటి, చప్పుడు విని మావాడే చెప్పాడు 135 గుర్రాలేనని, ముసలి దంపతులూ ఒక కుక్కా ఉన్నది, మమ్మల్ని దాటిపోయింది. కుక్క వెనక్కి తిరిగి చూసింది.

సరస్సు మధ్యలో ఇంజిన్ ఆపి, గర్భగుడి తెర తీసినట్టు మూత ఎత్తాడు. ఎర్ర రంగు వేయించాడు. అందరం వంగి దర్శనం చేసుకున్నాం. "మూడొందల యాభై బావా" అన్నాడు గొంతు తగ్గించి, వెనక నీళ్లలో ఉన్నదానికి వినపడకుండా.