బతికి చేరితే సరిపోతుందా?

"వచ్చినప్పుడు బతికే ఉంది కదా సార్, వీడియోలో మీరే చూపించారు."

మే నెలలో ఒక బెంగళూరు అమ్మకందారు ఫోన్‌లో నాతో అన్న మాట ఇది. అతను అబద్ధం చెప్పలేదు. మా మేనల్లుడు ఆరు నెలలు పాకెట్ మనీ దాచుకుని కొనుక్కున్న బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి పిల్ల, లక్డీకాపూల్‌లోని ట్రావెల్స్ ఆఫీసులో మా చేతికి వచ్చేసరికి కళ్లు తెరిచే ఉంది. అయిదో రోజు తెల్లారేసరికి చనిపోయింది. ఆ అయిదు రోజులూ ఒక్క పురుగును ముట్టలేదు. కళ్లు లోపలికి పోయాయి, గడ్డం నల్లబడింది. ఒంట్లో నీరు ఇంకిపోయిందని, ప్రయాణంలో బాగా వేడి తగిలి ఉంటుందని డాక్టర్ చెప్పారు. ప్రాణంతో చేరకపోతే బదులు ఇస్తామంటూ అమ్మకందారు ఇచ్చిన ‘లైవ్ అరైవల్ గ్యారంటీ’ మాత్రం పార్సిల్ తీసుకున్న రెండు గంటలకే అయిపోయింది.

ఆ గ్యారంటీ కాపాడేది కొన్నవాడి డబ్బును. ప్రాణాన్ని కాపాడే మాట అందులో ఒక్కటీ లేదు. దాన్ని చూసి కొనేవాళ్లు ధైర్యం తెచ్చుకోవడం ఆగాలి. పాములు, బల్లులు, తాబేళ్లు పార్సిల్‌గా ప్రయాణించడమే ఆగాలి. ఇందులో మధ్యేమార్గం ఉందని నేను అనుకోవడం లేదు.

హైదరాబాద్‌లో ఈ సరదా ఎంత పెరిగిందో చూస్తున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ముర్గీచౌక్‌కు వెళ్లి పావురాన్నో కుందేలునో చేత్తో పట్టుకుని చూసి తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఇన్‌స్టాలో ఫొటో చూసి, వాట్సాప్‌లో బేరమాడి, ఫోన్‌పే చేస్తే బాల్ పైథాన్ పాము, ఇగ్వానా బల్లి, బియర్డెడ్ డ్రాగన్ రాత్రికి రాత్రి బస్సెక్కి వస్తున్నాయి. అక్వేరియం చేపల వ్యాపారంలో వినిపించే డీఓఏ అనే మాట, అంటే పెట్టె తెరిచేసరికి చచ్చి ఉన్నది అని, ఇప్పుడు వీటికీ వాడుతున్నారు. చేపల కోసం రాసుకున్న షరతుల్నే బల్లులకూ పెట్టేశారు. తప్పు అక్కడే మొదలైంది.

ఎందుకంటే సరీసృపం ఒళ్లు వేరు. మన ఒంటి వేడిని మన ఒళ్లే సర్దుకుంటుంది, చెమట పడుతుంది, వణుకు పుడుతుంది. బల్లికీ పాముకూ ఆ ఏర్పాటు లేదు. అవి కదిలి సర్దుకుంటాయి. చలేస్తే ఎండలోకి, వేడెక్కితే నీడలోకి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవి చేసే పనిలో సగం ఇదే. "ఎడారి జీవి సార్, ఎండకు దానికేమవుతుంది?" అని అమ్మకందారు నన్ను అడిగాడు. ఆస్ట్రేలియా మెట్ట నేలల్లో ఆ బల్లి మండే రాయి మీద కూర్చునే మాట నిజమే. కానీ ఒళ్లు కాగగానే దిగి పొద కిందికి పోతుంది. దాన్ని ఇంట్లో పెంచేవాళ్లు గాజు తొట్టెలో ఒక మూల బల్బు కింద 40 డిగ్రీల దగ్గర, ఎదుటి మూల 25 దగ్గర ఉండేలా చూసేది అందుకే. మా వాడు ఆ తొట్టెను పది రోజుల ముందే సిద్ధం చేసి, రోజూ రెండు మూలలా థర్మామీటర్ పెట్టి చూసుకున్నాడు. థర్మోకోల్ పెట్టెలో ఎదుటి మూల ఉండదు. ఎటు జరిగినా ఒకటే వేడి. అది చేయగలిగింది నోరు తెరిచి రొప్పడమే. పెట్టెలో పెట్టి టేపు వేసిన క్షణాన దానికి వేడి నుంచి తప్పించుకునే ఒకే ఒక్క దారి మూసేశాం. ప్యాకింగ్ ఎంత బాగున్నా ఈ లోటు పూడదు. పెట్టె అంటేనే ఆ లోటు.

ఇంకా పెద్ద చిక్కు ఉంది. సరీసృపం చావు కూడా నెమ్మదే. తిన్నది అరగడానికి రోజులు పడుతుంది, తగిలిన దెబ్బ బయటికి కనపడటానికీ రోజులు పడుతుంది. అడవిలో నీరసం కనపడితే వేటాడేది ముందు దాని మీదికే వస్తుంది. అందుకే చివరిదాకా దాచుకోవడం దాని స్వభావం. చోటు మారిన బాల్ పైథాన్ వారాల తరబడి తినకుండా ఉంటుంది. అది అలకో జబ్బో తేల్చుకోవడానికి అనుభవం ఉన్నవాళ్లే ఇబ్బంది పడతారు. ఊపిరితిత్తుల్లో చేరిన ఇన్ఫెక్షన్ వెంటనే తెలియదు. చలికి బిగుసుకుపోయిన బల్లిని చూసి చచ్చిందనుకుంటాం, వేడికి లోపలంతా దెబ్బతిన్నదాన్ని చూసి బతికే ఉందనుకుంటాం. లెపర్డ్ గెకో అనే బల్లి భయపడితే తోక వదిలేస్తుంది. కొవ్వు దాచుకునేది ఆ తోకలోనే. తోక తెగి చేరినా చాలామంది లెక్కలో అది ‘లైవ్’ కిందికే వస్తుంది. ఇలాంటి ప్రాణికి గంట, రెండు గంటల గడువు పెట్టడమంటే, నష్టం బయటపడకముందే లెక్క మూసేయడం.

ఆ షరతులు ఒకసారి చదవండి. టేపు కోసే దగ్గర్నుంచి కట్ లేకుండా వీడియో తీయాలి. గంటలోనో రెండు గంటల్లోనో పంపాలి. బస్సు లేటైతే వర్తించదు. తీసుకోవడానికి మీరు ఆలస్యంగా వెళితే వర్తించదు. డబ్బు తిరిగి రాదు, బదులుగా ఇంకో పిల్లను పంపుతారు. దాని బస్సు ఖర్చు మళ్లీ మీదే. ప్రయాణానికి ముందు ఎన్ని రోజులు తిండి ఆపారో అందులో ఉండదు. తిన్న పామును కుదిపితే కక్కుకుంటుందని పెంచేవాళ్లందరికీ తెలిసినా ఉండదు. ఏ సమయానికి పెట్టెలో పెట్టారో, పెట్టె లోపల వేడి ఎంత దాటకూడదో ఉండదు. మా మేనల్లుడు ఆ రోజు సంతోషంగా పెట్టె తెరవాల్సినవాడు, చేతులు వణుకుతూ ఫోన్ పట్టుకుని సాక్ష్యం రికార్డు చేశాడు. "మావయ్యా, కదులుతోంది కదా, వీడియోలో కనపడుతోంది కదా" అని రెండుసార్లు అడిగాడు. పదిహేనేళ్ల పిల్లవాడికి ఒక ప్రాణి మొదటిసారి ఇంటికొస్తే కలిగిన టెన్షన్ అది.

పైగా లెక్క చూడండి. బియర్డెడ్ డ్రాగన్ ఒక్క విడతకు 20 గుడ్ల దాకా పెడుతుంది. చచ్చిన పిల్లకు బదులు ఇంకో పిల్లను పంపడం అమ్మేవాడికి పెద్ద ఖర్చు కాదు. మంచి ప్యాకింగ్, వాతావరణం చల్లబడేదాకా ఆగడం, మనిషిని తోడిచ్చి పంపడం ఇవన్నీ ఖర్చే. గ్యారంటీ ఉన్నంతకాలం అతనికి చవకైన దారి పంపేయడమే. పదిలో ఒకటి పోయినా వ్యాపారం నడిచిపోయే చోట జాగ్రత్త ఎందుకు పెరుగుతుంది?

గ్యారంటీ వల్లే అమ్మేవాళ్లు జాగ్రత్తగా ఉంటారని, విదేశాల్లో ఇది చక్కగా నడుస్తోందని, ఇంట్లో పెంచి పిల్లలు పెట్టించినవి అమ్మితేనే అడవుల్లో పట్టడం తగ్గుతుందని కొందరు పెంపకందారులు వాదిస్తారు. వాళ్లలో ప్రాణుల్ని ప్రేమించేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. అయితే వాళ్లు చెప్పే అమెరికానే తీసుకుందాం. అక్కడ పేరున్న అమ్మకందారులు ఒక్క రాత్రిలో చేరే విమాన సర్వీసులోనే పంపుతారు. పెట్టె మీద లోపల ఏముందో రాస్తారు. దారిలో వేడి దాదాపు 32 డిగ్రీలు దాటినా, చలి 4, 5 డిగ్రీలకు పడిపోయినా చాలామంది పంపడం ఆపేస్తారు. ఆ కొలత మన ఊరికి పెడితే మార్చి మొదలు జూన్ దాకా ఒక్క పెట్టె కదలకూడదు. మా పెట్టె మే నెలలో కదిలింది. అక్కడి గ్యారంటీని తెచ్చుకుని అక్కడి జాగ్రత్తను వదిలేసినవాళ్లు ఆ దేశం పేరు ఎత్తకూడదు.

మన దగ్గర ఇది ఎలా నడుస్తుందో చూస్తే బాధ పెరుగుతుంది. మామూలు కొరియర్లు ప్రాణుల్ని తీసుకోవు. కాబట్టి పెట్టె ట్రావెల్స్ బస్సు డిక్కీలోకి చేరుతుంది, చాలాసార్లు ఇంకో పేరుతో. మా పెట్టె రసీదు మీద ‘అక్వేరియం సామాన్లు’ అని రాసి ఉంది. సాయంత్రం బుకింగ్ ఆఫీసులో పెట్టారు, రాత్రి బస్సెక్కించారు, 570 కిలోమీటర్లు వచ్చింది, పొద్దున మేం వెళ్లేదాకా గోడ పక్కన పడి ఉంది. మొత్తం పదహారు గంటలు. దాన్ని మోసిన హమాలీని నేను తప్పుపట్టను. లోపల ప్రాణం ఉందని అతనికి తెలిస్తే నీడలో పెట్టేవాడేమో. తెలియకుండా చేసింది మనం. పేరు దాచి పంపిన పార్సిల్ మీద నిలబడిన గ్యారంటీకి విలువేముంటుంది?

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని కింద 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని విదేశీ ప్రాణి దగ్గరున్నా, చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చినా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు కావాలి. బాల్ పైథాన్, ఇగ్వానా ఆ జాబితాలోవే. ఇక అదృష్టం తెస్తుందని చెప్పి అమ్మే నక్షత్ర తాబేలు మన నేల మీది ప్రాణి, ఆ చట్టంలో అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1లో ఉంది. దాన్ని అమ్మినా కొన్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు. నమోదు లేని ప్రాణిని కొన్నవాడు గ్యారంటీ పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలడా? తనే దొరికిపోతాడు. అది అమ్మేవాడికి బాగా తెలుసు.

ప్రయాణానికి నియమాలు లేవా అంటే, 1978 నాటి జంతు రవాణా నిబంధనలు ఉన్నాయి. కుక్కలు, పిల్లులు, కోతులు, పశువులు, గుర్రాలు, గొర్రెలు, మేకలకు అందులో అధ్యాయాలున్నాయి. 2001లో కోళ్లనూ పందులనూ చేర్చారు. పాముకూ బల్లికీ తాబేలుకూ అధ్యాయం లేదు. బాధ కలిగేలా ప్రాణిని తరలించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఇవాళ లక్డీకాపూల్‌లో రెండు టీలకు కూడా అటూ ఇటూగా సరిపోయే సొమ్ము.

ఇంత చిన్న బల్లి కోసం ఇంత రాయాలా అని అడిగేవాళ్లకు ఒక మాట చెప్పాలి. నన్ను కుదిపింది బల్లి చావొక్కటే కాదు. చావుకు ముందే రేటు కట్టేసుకుని, ఆ రేటు ఉంది కాబట్టి నిశ్చింతగా ఉండటం మనకు అలవాటైపోయింది. ఆ పిల్ల వచ్చిన దారినే చూడండి. 2013 అక్టోబరు 30న అదే రూటులో పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది కాలిపోయారు. పన్నెండేళ్లకు, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఇంకో బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ బస్సు లగేజీలో 200కు పైగా మొబైల్ ఫోన్ల పార్సిల్ ఉందని, బ్యాటరీలు పేలి మంట ముదిరి ఉండొచ్చని అప్పుడు అందరం చదివాం. పైన జనం నిద్రపోతుంటే కింద ఏం ఉందో ఎక్కినవాళ్లకు తెలియదు. పరిహారం ప్రకటనలు ఆ రోజే వచ్చాయి. పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడప్పుడూ అంతే, పాతబస్తీ గుల్జార్ హౌజ్ మంటలప్పుడూ అంతే. కుటుంబాలకు డబ్బు అందాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఎక్స్‌గ్రేషియా అంకె వినగానే మన కోపం చల్లారిపోతుంది. డిక్కీలో ఏం ఎక్కుతోందో ఎవరు చూడాలన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. రెండు గంటల్లో వీడియో పంపితే ఇంకో పిల్లను ఇస్తామన్న గ్యారంటీలో నాకు అదే లెక్క కనపడింది. పోతే ఎంత ఇస్తారో ముందే తేల్చుకున్నాం. పోకుండా ఏం చేయాలో ఎవరూ మాట్లాడలేదు.

మా తాత అంగడిలో ఎడ్లను కొనేటప్పుడు పొద్దున్నే వెళ్లేవాడు. పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, నాలుగు బారలు నడిపించి చూసేవాడు, మేత వేసి తింటుందో లేదో చూసేవాడు. బేరం కుదిరాక పలుపు తన చేత్తో పట్టుకుని ఊరిదాకా నడిపించుకుని వచ్చేవాడు, దారిలో నీళ్లు తాగించేవాడు. ఎద్దు బతికి ఊరు చేరుతుందా అన్న ప్రశ్న ఆ బేరంలో లేదు, ఎందుకంటే దారి పొడుగునా దాని పక్కన మనిషి ఉన్నాడు. బల్లికి అంత అవసరమా అంటే, అవసరమే. అది నోరు తెరిచి అడగలేదు కాబట్టి ఇంకా ఎక్కువ అవసరం.

రాష్ట్ర జంతు సంక్షేమ మండలి, రవాణా శాఖ కలిసి చేయగలిగినవి రెండున్నాయి. ప్రయాణికుల బస్సుల డిక్కీలో ప్రాణుల పార్సిళ్లు ఎక్కించకూడదని ఉత్తర్వు ఇవ్వడం, పార్సిల్ ఆఫీసులు పెట్టెలో ఏముందో చూసి రాసుకోవాలని చెప్పడం. రెండోది చేస్తే మనుషులకూ మేలే. 1978 నిబంధనల్లో సరీసృపాలకు అధ్యాయం చేర్చాల్సింది కేంద్రం. అది ఎప్పుడు వస్తుందో వేచి చూడక్కర్లేదు. కొనాలనుకునేవాళ్లు పిల్లల్ని తీసుకుని పెంపకందారు ఇంటికి వెళ్లండి. కాగితాలు చూడండి. మీ కళ్లముందు తింటుందో లేదో చూడండి. చల్లని వేళ మీ కారులో, మీ పక్కన పెట్టుకుని తెచ్చుకోండి. అంత దూరం వెళ్లలేకపోతే కొనకండి.

వారం తర్వాత అమ్మకందారు మళ్లీ ఫోన్ చేశాడు. షరతుల్లో లేకపోయినా జాలిపడి సగం ధరకు ఇంకో పిల్లను పంపుతానన్నాడు, ఆ రాత్రి బస్సుకే వేస్తానన్నాడు. నేను ఫోన్‌ను మా మేనల్లుడి చేతికిచ్చాను. వాడు బయట ఎండ వైపు చూసి, "వద్దండీ" అన్నాడు.